హాట్ సీట్ వెనకాల తీగలు

మార్కాపురంలో టీ కొట్టు దగ్గరైనా, గిద్దలూరు స్టేషన్‌లో గుంటూరు రైలు కోసం ఎదురుచూసే బెంచీ మీదైనా టీవీ క్విజ్ షోల ప్రస్తావన రానివ్వండి, రెండో నిమిషంలో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: “అదంతా ముందే మాట్లాడుకున్నదే లెండి.” ఈ అనుమానాన్ని తెలియనివాళ్ల మాటగా తీసిపారేయడానికి లేదు. లోకంలో అది అక్షరాలా నిజమైన సందర్భాలు ఉన్నాయి. కాకపోతే అనుమానం దేనిమీద పెట్టుకోవాలో తెలియకపోతే అది ఎందుకూ కొరగాదు. బిగుతుగా ఉన్నచోట వేలు పెట్టి చూసి, వదులుగా ఉన్నచోట జేబు పోగొట్టుకుంటాం. గేమ్ షో వెనక నడిచే యంత్రాంగంలో మెరుపులు, సంగీతం వంటి హంగు కొంత ఉంటుంది. అసలు భాగం మాత్రం పోటీదారు మోసం చేయకుండానూ, షో నడిపేవాళ్లు మోసం చేయలేకుండానూ ఇద్దరి చేతులకూ ఒకేసారి వేసిన కట్టు. ఆ కట్టు స్టూడియో మధ్యలో గట్టిగా ఉంటుంది. స్టూడియోకి దూరమయ్యే కొద్దీ సడలిపోతుంది. మనం ఉండేది ఆ దూరపు చివర.

పడమటి ప్రకాశంలో తిరునాళ్లకో సంక్రాంతికో జరిగే బండలాగుడు పందేన్ని తలుచుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఎడ్లను పళ్లు చూసి విభాగాలు చేస్తారు, చీటీలు తీసి వరస నిర్ణయిస్తారు, గడువు పెడతారు, గడువయ్యాక బండ ఎంత దూరం కదిలిందో టేపు పరిచి అడుగులు, అంగుళాలతో సహా మైకులో చెబుతారు. తగాదా వచ్చినా అందరి కళ్లముందే వస్తుంది, మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. టీవీ స్టూడియోలోనూ విభాగాలు, చీటీలు, గడువు, టేపు అన్నీ ఉన్నాయి. అవి ప్రేక్షకుడికి కనపడవు, అంతే తేడా. కొలత కనపడని పందెంలో జనం నమ్మకం నిలబెట్టడమే అక్కడి ఇంజనీర్ల పని.

తెలుగులో ఈ తరహాకి పెద్దపీట వేసింది కోటి రూపాయల షో. బ్రిటన్‌లో 1998 సెప్టెంబరులో ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’గా మొదలై, 2000 జులైలో అమితాబ్ బచ్చన్‌తో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ (కేబీసీ) అయి, 2014లో మా టీవీలో నాగార్జున చేతిమీదుగా ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’గా తెలుగిళ్లకు వచ్చింది. 2017లో చిరంజీవి నడిపారు. 2021లో జెమినీ టీవీలో ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అంటూ కుర్చీ తిప్పి పిలిచారు. ఆ ఏడాది నవంబరులో ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ నిజంగానే కోటి గెలిచాడు. భాష మారింది, యాంకర్ మారాడు, చానల్ మారింది. కుర్చీ, వెలుగు, గుండె దడలాంటి సంగీతం, నాలుగు జవాబుల పట్టీ మాత్రం మారలేదు. దానికి కారణం ఉంది: ఇలాంటి షోని కొనేవాళ్లు పేరొక్కటే కొనరు. సెట్టు ఎలా ఉండాలి, దీపాలు ఎప్పుడు దిగాలి, ఎవరికి ఏ తెర కనపడాలి, ఎవరికి కనపడకూడదు అనే నియమావళి మొత్తం కొంటారు.

ముందు బజర్ సంగతి చూద్దాం. చూడ్డానికి ఇది అన్నిటికన్నా చిన్న వస్తువు, తగాదాలు పుట్టేది మాత్రం దీని దగ్గరే. ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురి ముందు మూడు బటన్లు. ఇద్దరు దాదాపు ఒకేసారి నొక్కారు. ఎవరు ముందు? మనిషి కన్నూ చెవీ ఈ పని చేయలేవు. పాతకాలపు పరిష్కారం రిలే. కరెంటు పారగానే అయస్కాంతమై ఒక పలుచని లోహపు రేకును లాగే స్విచ్ అది. మొదట నొక్కినవాడి రిలే పడగానే రెండు పనులు చేస్తుంది. వేలు తీసేసినా దీపం ఆరిపోకుండా తనను తానే పట్టుకుని ఉంటుంది. మిగిలిన ఇద్దరి బటన్లకు వెళ్లే కరెంటును తెంచేస్తుంది. ఆ తర్వాత వాళ్లు బల్ల విరిగేలా కొట్టినా ఉపయోగం లేదు. ఇందులో జడ్జి ప్రమేయమే లేదు కాబట్టి, జడ్జికి మేనల్లుడు పోటీలో ఉన్నా ఫరవాలేదు. అయితే రిలే రేకు కదలడానికి సెకనులో వెయ్యో వంతులు కొన్ని పడతాయి. ఆ సందులో ఇద్దరు నొక్కితే రెండు దీపాలూ వెలిగే ప్రమాదం ఉంది. ఇదే పనిని ట్రాన్సిస్టర్లు, చిప్‌లు సెకనులో పదిలక్షల వంతుల్లో చేస్తాయి కాబట్టి ఆ సందు ఉన్నా లేనట్టే. ఇదేమీ రాకెట్ శాస్త్రం కాదు. మార్కాపురంలో ఏ ఉన్నత పాఠశాల సైన్స్ మాస్టారైనా పిల్లలతో ఒక పూటలో చేయించగల సర్క్యూట్.

చిప్ వచ్చాక కొత్త చిక్కు వచ్చింది, ఇది బయటివాళ్లకు తట్టదు. కంప్యూటర్ బటన్లను వరసగా చూసుకుంటూ పోతుంది: ఒకటో బటన్ నొక్కారా, రెండోది నొక్కారా, మూడోది నొక్కారా, మళ్లీ మొదటికి. ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య ఇద్దరు నొక్కారనుకోండి. ప్రోగ్రామ్ రాసినవాడు ఆలోచించకుండా రాసి ఉంటే ప్రతిసారీ ఒకటో కుర్చీవాడే గెలుస్తాడు. ఎవరూ మోసం చేయలేదు, కానీ యంత్రం ఒక పక్షం వహించింది. చుట్టు ఎంత వేగంగా తిరిగితే ఆ పక్షపాతం అంత తగ్గుతుంది. తీగలు తీసేసి రేడియోతో నడిచే బటన్లు పెడితే ఇంకో తంటా ఉంది: రెండు పరికరాల సంకేతాలు గాలిలో ఢీకొంటే ఒకటి మళ్లీ పంపాల్సి వస్తుంది, నిజానికి ముందు నొక్కినవాడి కబురు ఆలస్యంగా చేరొచ్చు. అందుకే మంచి ఏర్పాటులో గడియారం ప్రతి పోటీదారు బల్లలోనే ఉంటుంది. నొక్కిన క్షణం అక్కడే రాసుకుని, ఆ అంకెను పంపుతుంది. కబురు ఎప్పుడు చేరినా అంకె మారదు. నాలుగు జవాబుల్ని వరసలో పెట్టే ‘ఫాస్టెస్ట్ ఫింగర్’ పోటీలో ఒక్కొక్కరి పేరు పక్కన సెకన్లు, వాటి భిన్నాలు కనిపిస్తాయి కదా, దశాంశ బిందువు తర్వాతి అంకెలకు విలువ ఉండాలంటే గడియారం బల్లలో ఉండక తప్పదు.

అమెరికాలో ‘జెపర్డీ’ అనే షో ఇంకొంచెం ముందుకెళ్లింది. మొదట్లో ప్రశ్న చదువుతుండగానే నొక్కేయొచ్చు. దాంతో ఇంట్లో కూర్చున్నవాళ్లు ప్రశ్న పూర్తిగా వినక ముందే జవాబు వచ్చేసేది. 1985 నుంచి నియమం మార్చారు. ప్రశ్న చదవడం పూర్తయ్యాక ఒక ఉద్యోగి స్విచ్ వేస్తాడు, అప్పుడే బజర్లు ప్రాణం పోసుకుంటాయి. తొందరపడి ముందే నొక్కినవాడి బటన్ పావు సెకను చచ్చిపోతుంది. అంత పెద్ద షోలో వేగాన్ని తేల్చే యంత్రానికి తాళంచెవి మాత్రం ఇప్పటికీ ఒక మనిషి వేలు. ఇక్కడ కట్టు కొంచెం వదులుగా ఉందని ఒప్పుకోవాలి. కాకపోతే ఆ వేలు అందరికీ ఒకేసారి తలుపు తీస్తుంది, ఒక్కడికి మాత్రమే తీయలేదు.

వేగం ఒక ఎత్తు, మాట మార్చకుండా చూడటం ఇంకో ఎత్తు. ఈ రెండోదానికి మార్కాపురం ఎప్పటినుంచో సరుకు పంపుతోంది. ఆ చుట్టుపక్కల గనుల్లో రాయి పొరలు పొరలుగా విడుతుంది. పలుచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తే బడి పలక. పాఠశాల క్విజ్‌లో జట్టుకో పలక ఇచ్చి, జవాబు రాసి బోర్లించమని, గంట కొట్టగానే అందరూ ఒకేసారి ఎత్తమని చెబితే, ఒకరి జవాబు చూసి ఇంకొకరు మార్చుకునే వీలు ఉండదు. రాయడానికీ చూపించడానికీ మధ్య ఎడం పెట్టి, ఆ ఎడంలో ఎవరికీ కొత్త సమాచారం అందకుండా చేయడం, అంతే కిటుకు. జెపర్డీ చివరి రౌండులో వాడేది ఇదే పలక, ఎలక్ట్రానిక్ వేషంలో. 30 సెకన్ల సంగీతం ఆగిపోగానే కలం రాయడం మానేస్తుంది. “ఇదే మీ ఆఖరి సమాధానమా, లాక్ చేయమంటారా” అని యాంకర్ అడగడంలో నాటకం ఉందని అందరికీ తెలుసు. దాని కింద పలక నియమమూ ఉంది. లాక్ చేసేదాకా జవాబు పోటీదారుది, లాక్ అయ్యాక యంత్రానిది.

లాక్‌కి ఇంకో ముఖం ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఈ ఫార్మాట్ నియమం ప్రకారం పోటీదారు జవాబు ఖాయమయ్యేదాకా సరైన జవాబు యాంకర్ ముందున్న తెర మీద కూడా రాదు. తెలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. కనుబొమ్మ ఎగరేయడం, “ఇంకోసారి ఆలోచించుకోండి” అని ఒక్కరితోనే అనడం, అక్కర లేకపోయినా ఓ నవ్వు నవ్వడం చాలు, కోటి రూపాయల ఫలితం తారుమారవుతుంది. యాంకర్ ఎంత నిజాయితీపరుడైనా మొహం అదుపులో ఉండదు. అందుకని అతని నిజాయితీ మీద ఆధారపడకుండా, అతనికి తెలియకుండా చేశారు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ సినిమాలో యాంకర్ బాత్రూమ్ అద్దం మీద తప్పుడు అక్షరం రాసి పోటీదారుణ్ని పక్కదారి పట్టించాలని చూస్తాడు. కథకు బాగుంది కానీ, నియమం పాటించే షోలో ఆ పాత్రకు అంత సరుకు ఉండే వీలు లేదు. మన నాగార్జున, చిరంజీవి, ఎన్టీఆర్‌లు పోటీదారుతో పాటు బిక్కమొహం వేసే క్షణాల్లో కొంత నటన ఉండొచ్చు. కొంత మాత్రం నిజంగా తెలియకపోవడమే.

ఇక ప్రశ్న ఎవరికి ఏది వస్తుందన్నది. ప్రశ్నలు తయారుచేసేవాళ్లూ పోటీదారులతో తిరిగేవాళ్లూ ఒకరినొకరు కలవకుండా వేరు చేయడం మంచి షోలన్నిటికీ ప్రాథమిక సూత్రం. ఏ కట్ట ఎవరికి అనేది మనిషి ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా, అంటే లాటరీలా తేల్చాలి. లాటరీలా కనిపించడం వేరు, లాటరీ కావడం వేరు. ఈ తేడాకి 1984లో అమెరికాలో ఒక చానల్ ఖరీదైన పాఠం నేర్చుకుంది. ‘ప్రెస్ యువర్ లక్’ అనే షోలో 18 గళ్ల పెద్ద బోర్డు, దాని మీద దీపం అటూ ఇటూ దూకుతూ ఉంటుంది. పోటీదారు బటన్ నొక్కితే ఆగుతుంది. ఆగిన గడిలో డబ్బు ఉండొచ్చు, ఉన్నదంతా ఊడ్చుకుపోయే బొమ్మ ఉండొచ్చు. దీపం ఇష్టం వచ్చినట్టు దూకుతోందని అందరూ అనుకున్నారు. మైఖేల్ లార్సన్ అనే నిరుద్యోగి ఇంట్లో వీసీఆర్‌లో ఎపిసోడ్లు రికార్డు చేసి, ఒక్కో ఫ్రేమూ ఆపి ఆపి చూసి, ఆ దూకుళ్లలో ఉన్నవి అయిదే వరసలని కనిపెట్టాడు. అవి బట్టీపట్టి వెళ్లి కూర్చున్నాడు. వరసగా 45 సార్లు ఊడ్చే బొమ్మ తగలకుండా ఆపి, 1,10,237 డాలర్లు గెలిచాడు. చానల్ వాళ్లు తలలు పట్టుకున్నారు కానీ అతను ఏ నియమం తప్పాడో చెప్పలేకపోయారు. డబ్బు ఇచ్చి, ఆ తర్వాత వరసల సంఖ్య పెంచుకున్నారు. నిర్మాతలు చిప్ మీద పొదుపు చేస్తే, ఆ పొదుపంతా లెక్కగట్టి ఒక ప్రేక్షకుడు వసూలు చేసుకున్నాడు.

వెలుగులు, సంగీతం గురించి ఎక్కువ చెప్పను. అవి చాలా వరకు నాటకమే. ఆ నాటకంలో పనితనం లేదని కాదు. మిలియనీర్ సంగీతం రాసిన కీత్ స్ట్రాకన్, అతని కొడుకు మాథ్యూ ప్రశ్న పెరిగిన కొద్దీ శ్రుతి అరమెట్టు పైకి జరిగేలా పెట్టారు. అందుకే వినేవాడికి ఎందుకో తెలియకుండానే గుండె బిగుసుకుంటుంది. ఆండీ వామ్స్‌లీ వేసిన సెట్టులో కిందనుంచి వెలుగొచ్చే గాజులాంటి నేల ఉంటుంది. ప్రశ్న మొదలవగానే మోటార్లతో తిరిగే దీపాలు పైనుంచి దిగివచ్చి ఇద్దరి మీద మూసుకుంటాయి. ఈ దీపాలన్నీ ఒకే తీగ మీద వచ్చే అంకెల భాషకు లొంగుతాయి. 1986లో కుదిరిన ఆ ప్రమాణంలో తీగకు 512 చానళ్లు. ఇప్పుడు మన పెళ్లి స్టేజీలకు, జాతర్లకు అద్దెకొచ్చే తిరుగుడు దీపాలూ అదే భాష మాట్లాడతాయి. నాకు తోచేదేమంటే జనంలో అనుమానం పుట్టించేది కూడా ఈ హంగే. ఇంత పక్కాగా, ఇంత సమయానికి సంగీతం మారుతుంటే, ఫలితం కూడా ముందే రాసి పెట్టుకున్నారేమో అనిపించడం సహజం. నిజానికి ఆ రెండూ వేరు. జవాబు లాక్ అయిన సంకేతం అందగానే సంగీతం, దీపాలు కదలడానికి సిద్ధంగా ఉంటాయి. తప్పుకి ఒకటి, ఒప్పుకి ఒకటి రెండు దారులూ ముందే అమర్చి ఉంటాయి. ఏ దారిన వెళ్లాలో చెప్పేది లాక్ అయిన అక్షరం.

“ఇవన్నీ పరికరాలే కదా, నడిపేవాడు చెడ్డవాడైతే పరికరం ఏం చేస్తుంది?” అన్నది బలమైన అభ్యంతరం. దీనికి చరిత్రలో సాక్ష్యం ఉంది. 1950ల్లో అమెరికాలో ‘ట్వంటీ వన్’ అనే క్విజ్ షో దేశాన్ని ఊపేసింది. పోటీదారులను శబ్దం చొరబడని గాజు గదుల్లో నిలబెట్టేవారు. ఎవరూ జవాబు అందించలేరన్నదానికి ఆ గది రుజువు. కానీ ప్రశ్నలూ జవాబులూ గదిలోకి వెళ్లకముందే కొందరికి అందాయి. ఎక్కడ తడుముకోవాలో, ఎప్పుడు చెమట తుడుచుకోవాలో కూడా నేర్పారు. చెమట బాగా పట్టడానికి గదిలో ఏసీ ఆపేసేవారు. హెర్బ్ స్టెంపెల్ అనే పోటీదారుతో తెలిసిన జవాబే తప్పు చెప్పించి, చార్లెస్ వాన్ డోరెన్ అనే అధ్యాపకుణ్ని గెలిపించారు. 1959 నవంబరులో వాన్ డోరెన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాడు. నిజాయితీకి కట్టిన గాజు గదినే అబద్ధానికి అలంకారంగా వాడుకున్నారన్నమాట. కాబట్టి అభ్యంతరం సరైనదే.

అయితే ఆ కథ నుంచి తేలేది యంత్రాలు వృథా అని కాదు. ట్వంటీ వన్‌లో గాజు గది పోటీదారు చేతులు మాత్రమే కట్టింది, నిర్మాత చేతులు వదిలేసింది. ప్రశ్నలు ఎవరి దగ్గరున్నాయో, పోటీదారులతో ఎవరు మాట్లాడుతున్నారో చూసే కన్ను లేదు. తర్వాత వచ్చిన మార్పులన్నీ ఆ లోటు పూడ్చడానికే. 1960లో అమెరికా ఇలాంటి పోటీల్లో ముందే జవాబులు అందించి మోసం చేయడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. పెద్ద షోలలో నిర్మాణ బృందంతో సంబంధం లేని నియమాల పర్యవేక్షకులు కూర్చోవడం, ఆ రోజు ఏ ప్రశ్నల కట్ట వాడాలో వాళ్ల చేత తీయించడం మొదలైంది. యంత్రానికి కాపలా మనిషి, మనిషికి కాపలా యంత్రం అన్నట్టు రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఒక్కటే ఉంటే చాలదు.

రెండూ ఉన్నప్పుడు ఏం జరుగుతుందో బ్రిటన్‌లోనే చూశారు. 2001 సెప్టెంబరులో చార్లెస్ ఇంగ్రామ్ అనే ఆర్మీ మేజర్ మిలియనీర్ షోలో పది లక్షల పౌన్లు గెలిచాడు. అతని జవాబుల తీరు వింతగా ఉంది: ఒక జవాబు అనుకుని, నాలుగూ పైకి చదివి, ఉన్నట్టుండి ఇంకోటి ఎంచుకునేవాడు. స్టూడియోలో ఒక్కొక్కరి మైకు శబ్దం విడివిడి ట్రాకుల్లో రికార్డవుతుంది. టెక్నీషియన్లు ఆ ట్రాకులు వేరుచేసి వింటే, సరైన జవాబు చదివినప్పుడల్లా వెనక ‘ఫాస్టెస్ట్ ఫింగర్’ కుర్చీల్లోంచి దగ్గు. మొత్తం రికార్డయిన 192 దగ్గుల్లో 19 మాత్రం అర్థవంతమైనవని ప్రాసిక్యూషన్ వాదించింది. 2003లో కోర్టు ఇంగ్రామ్‌నూ, అతని భార్యనూ, దగ్గినవాణ్నీ దోషులుగా తేల్చింది. తాము అమాయకులమనే వాళ్లు చెబుతూ వచ్చారు. ఇక్కడ గమనించాల్సింది శబ్దం బాగా రావడానికి పెట్టుకున్న ఏర్పాటు చివరికి సాక్ష్యంగా పనికొచ్చిందన్నది. అన్ని మైకులూ ఒకే ట్రాకులో కలిపేసి ఉంటే ఆ కేసే లేదు.

“ఎడిటింగ్ సంగతేంటి? లైవ్ కాదు కదా” అన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, ఈ షోలు రికార్డయిన తర్వాత కొన్ని రోజులకో వారాలకో ప్రసారమవుతాయి. మౌనాలు పొడిగించొచ్చు, కుదించొచ్చు. తల్లి కళ్లు తుడుచుకున్న షాట్ ఎక్కడైనా అతికించొచ్చు. ప్రతి కెమెరాలోనూ ఒకే టైమ్‌కోడ్, అంటే ప్రతి ఫ్రేముకూ ఒక క్రమసంఖ్య నడుస్తుంది కాబట్టి ఏది ఎప్పుడు జరిగిందో స్టూడియోలో తేల్చుకోవచ్చు. ఆ సంఖ్య మన తెర మీదకు రాదు. ఈ విషయంలో ప్రేక్షకుడికి నమ్మడం తప్ప మార్గం లేదు. పైగా, గెలుపోటముల్ని ఎడిటింగ్ మార్చకపోయినా ఎవరు గొప్పవాళ్లుగా కనపడాలో అదే నిర్ణయిస్తుంది. అసలు పెద్ద వడపోత అంతకన్నా ముందే, పోటీదారుల ఎంపికలో జరుగుతుంది. ఫోన్, ఎస్ఎంఎస్, యాప్ ద్వారా వచ్చిన లక్షల మందిలోంచి కొందరిని యంత్రం తీస్తుంది. ఆ తర్వాత ఆడిషన్‌లో మాట బాగా వచ్చినవాళ్లను, కథ ఉన్నవాళ్లను మనుషులు ఎంచుకుంటారు. అది మోసం కాదు, వినోదం తయారీలో భాగం. కానీ దానికి టేపు లేదు. యర్రగొండపాలెం నుంచో కొమరోలు నుంచో ఫోన్ కొట్టినవాడు ఎందుకు మిగల్లేదో అతనికి ఎప్పటికీ తెలియదు. నా మట్టుకు నేను గేమ్ షోలను నిలదీయాల్సింది ఇక్కడ అంటాను. బజర్ ఎవరిదో చూపించినంత స్పష్టంగా, ఎంతమంది ప్రయత్నించారు, ఎంతమందిని యంత్రం తీసింది, ఎంతమందిని మనుషులు తీశారు, ఎవరు పర్యవేక్షించారు అన్నది తెర మీద వేయొచ్చు. ఖర్చేమీ కాదు.

ఇంట్లోంచి ఆడేవాళ్ల సంగతి మన దేశంలో కోర్టుదాకా వెళ్లింది కూడా. 2007లో షారుఖ్ ఖాన్ నడిపిన కౌన్ బనేగా కరోడ్‌పతి మూడో సీజన్‌తో పాటు ‘హర్ సీట్ హాట్ సీట్’ అని ఇంట్లోంచి ఆడే పోటీ పెట్టారు. ఎస్ఎంఎస్‌కి 2 రూపాయల 40 పైసలు. ప్రైజు డబ్బు ఆ ఎస్ఎంఎస్‌ల ఆదాయంలోంచే ఇస్తున్నారని ఒక వినియోగదారుల సంఘం ఫిర్యాదు చేస్తే, 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కోటి రూపాయలు కట్టమంది. 2019లో సుప్రీంకోర్టు, ఆ ఆరోపణకు సాక్ష్యం లేదని ఆ తీర్పును కొట్టేసింది. ఎవరు గెలిచారన్నది అటుంచితే, ఒకటి స్పష్టం: ఈ కేసులో స్టూడియో బజర్ మీద ఎవరూ కోర్టుకెళ్లలేదు. వెళ్లింది ఇంటికీ స్టూడియోకీ మధ్య ఉన్న ఫోన్ తీగ మీద.

ఆ తీగ ఎందుకు బలహీనమో సాంకేతికంగానే చెప్పుకోవచ్చు. టీవీ బొమ్మ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్లి దిగడానికే పావు సెకను తీసుకుంటుంది. దాన్ని కుదించి, విప్పి, కేబుల్ ఆపరేటర్ పెట్టెలోంచి ఇంటికి పంపేసరికి ఇంకొన్ని సెకన్లు. ఫోన్‌లో నెట్ ద్వారా చూస్తే మరింత ఆలస్యం. గిద్దలూరులో డిష్ ఉన్న ఇంటికీ, కేబుల్ ఉన్న పక్కింటికీ, ఫోన్‌లో చూసే ఎదురింటి కుర్రాడికీ ఒకే ప్రశ్న మూడు వేర్వేరు సమయాల్లో వస్తుంది. కాబట్టి టీవీతో పాటు ఫోన్‌లో ఆడే పోటీల్లో ‘ఎవరు ముందు’ అనేది తేల్చాలంటే, ప్రశ్న ఆ ఫోన్ తెర మీద కనపడిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. అప్పుడు ఫోన్‌లో గడియారాన్ని నమ్మాలి, ఆ ఫోన్ మన చేతిలో ఉంది, షో వాళ్ల చేతిలో లేదు. పోటీదారు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి జవాబు అడిగే ‘ఫోన్ ఎ ఫ్రెండ్’ అనే లైఫ్‌లైన్ పరిస్థితీ అంతే. 30 సెకన్లలో అవతలివాడు తన తెలివితో చెప్పాలన్నది నియమం. సెర్చ్ ఇంజన్లు వచ్చాక అది జ్ఞాపకశక్తి పరీక్ష కావడం మానేసి టైపింగ్ పరీక్ష అయింది. అందుకే మిలియనీర్ అమెరికా షో 2010 జనవరిలో ఆ లైఫ్‌లైన్‌నే తీసేసింది. బ్రిటన్‌లో 2018లో షో మళ్లీ మొదలైనప్పుడు ఫ్రెండ్ ఇంట్లో తమ మనిషిని కూర్చోబెట్టారు. స్టూడియో గోడల్లోపల వేసిన కట్టును బయటికి పొడిగించాలంటే ఇంటికో మనిషిని పంపాల్సి వచ్చిందన్నమాట.

కాపలా మనిషి లేనిచోటికి దొంగలు వస్తారు, వచ్చారు. కేబీసీ పేరుతో 25 లక్షల లాటరీ తగిలిందని వాట్సాప్‌లో వచ్చే ఆడియోలు, అమితాబ్ ఫొటోతో ఉన్న సర్టిఫికెట్లు దేశమంతా తిరుగుతున్నాయి. పోలీసులు ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. బజర్‌ను, లాక్‌ను, సంగీతాన్ని చూసి మనలో పుట్టిన నమ్మకాన్ని ఆ ముఠాలు అరువు తెచ్చుకుంటున్నాయి. ఆ నమ్మకం వెనకున్న యంత్రాంగం ఒక్కటీ వాళ్ల దగ్గర లేదు. చదువుకున్నవాళ్లు మోసపోరన్నది భ్రమ. ఇలాంటి షోలు రోజూ చూసే ఇల్లు కూడా సులువుగా పడొచ్చు. పసిగట్టే మార్గం తేలికే. మనం ఆడని పోటీలో మనం గెలవం. కేబీసీ అనేది ప్రశ్న జవాబుల షో, నంబర్లకు తగిలే లాటరీ కాదు. గెలిచిన డబ్బు మీద 30 శాతం పన్నును చెల్లించేవాళ్లే మినహాయించుకుని మిగతాది ఇస్తారు. డబ్బు చేతికి రాకముందే “పన్ను కట్టండి, ప్రాసెసింగ్ ఫీజు పంపండి” అని అడిగినవాడు ఏ చానల్ మనిషీ కాదు. ఈపాటికే ఎవరైనా పంపేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. గంటలు గడిచే కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది కాబట్టి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.